డిస్ట్రిబ్యూషన్ స్విచ్‌లలో రిడండెన్సీ: ఉత్తరాంధ్ర ప్రాంగణ నెట్‌వర్కుల రూపకల్పన

ఒక ప్రాంగణంలోని కంప్యూటర్లను, ఐపీ ఫోన్లను, నిఘా కెమెరాలను, వైఫై పరికరాలను కలిపే అల్లికను స్థానిక నెట్‌వర్కు అంటారు. ఆ అల్లికలో అంతస్తుల నుంచి వచ్చే కేబుళ్లను ఒకచోట చేర్చి పై అంచెకు అందించే పరికరం డిస్ట్రిబ్యూషన్ స్విచ్. ఇది ఒక్కటే ఉన్నచోట అది ఆగిన క్షణాన దాని కింద ఉన్న భవనమంతా ఇంటర్నెట్‌తో పాటు పక్క భవనంలోని సర్వర్లకు కూడా దూరమవుతుంది. అందువల్ల దానికి జతగా మరో స్విచ్‌ను, మరో దారిని, మరో విద్యుత్ వనరును ముందుగానే అమర్చి, ఒకటి విఫలమైనా సేవ కొనసాగేలా చూస్తారు. ఈ ఏర్పాటునే రిడండెన్సీ అని వ్యవహరిస్తారు.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఈ రూపకల్పన పాఠ్యపుస్తకాల్లో కనిపించినంత సాఫీగా సాగదు. ఒక్కో పరికరం ఒక్కో సమయంలో, దేని కారణం దానిదిగా చెడిపోతుందని పాఠ్యపుస్తకం భావిస్తుంది. తుపాను తీరంలో మాత్రం స్తంభాలు, చెట్లు, కేబుళ్లు, కరెంటు అన్నీ ఒకే రాత్రి పోతాయి. కాబట్టి స్విచ్‌లు ఎన్ని ఉన్నాయన్న లెక్క కన్నా, అవి ఉమ్మడిగా దేని మీద ఆధారపడి ఉన్నాయన్న విచారణే ఇక్కడ ముందు రావాలి.

ప్రాంగణాలు, అంచెలు

ఈ రెండు జిల్లాల్లో పెద్ద ప్రాంగణ నెట్‌వర్కుల అవసరం ప్రధానంగా గత మూడు దశాబ్దాల్లో పెరిగింది. 1997లో రాజాంలో జీఎంఆర్ ఇంజినీరింగు కళాశాల, విజయనగరం సమీపంలోని చింతలవలసలో ఎం.వి.జి.ఆర్. కళాశాల మొదలయ్యాయి, 2008లో ఎచ్చెర్లలో డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ విశ్వవిద్యాలయం, 2016లో శ్రీకాకుళం ఆర్‌జీయూకేటీ ఏర్పడ్డాయి. విజయనగరంలోని జేఎన్‌టీయూ కళాశాల 2022లో గురజాడ పేరుతో ప్రత్యేక విశ్వవిద్యాలయమైంది. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. ఆన్‌లైన్ పరీక్షలు, ప్రయోగశాల ఫలితాలు, ఆసుపత్రి రికార్డులు, కలెక్టరేట్ ఫైళ్లు నెట్‌వర్కు మీదకు చేరిన తర్వాత, స్విచ్ గంటసేపు ఆగితే ఆ గంటసేపు కార్యాలయం ఆగినట్టే.

ఇటువంటి ప్రాంగణానికి సాధారణంగా మూడు అంచెల నమూనా చెబుతారు. ఉద్యోగి బల్ల దగ్గరి కంప్యూటర్ నుంచి వచ్చే రాగి కేబుల్ ముందుగా అంతస్తులోని యాక్సెస్ స్విచ్‌కు చేరుతుంది. రాగి కేబుల్ వంద మీటర్లు మించి పని చేయదు గనుక, 24 లేదా 48 పోర్టులు ఉండే ఈ స్విచ్‌లను అంతస్తుకొకటి చొప్పున పెట్టక తప్పదు. వాటన్నింటి నుంచి ఫైబర్ దారులు భవనంలోని డిస్ట్రిబ్యూషన్ స్విచ్‌కు, అక్కడి నుంచి ప్రాంగణం మొత్తానికి కేంద్రమైన కోర్ స్విచ్‌కు వెళ్తాయి. పది పన్నెండు భవనాలకు మించని ప్రాంగణాల్లో డిస్ట్రిబ్యూషన్‌ను, కోర్‌ను విడదీయకుండా ఒకే జత స్విచ్‌లతో రెండు పనులూ చేయించడం పరిపాటి. జిల్లా స్థాయి సంస్థల్లో చాలావాటికి అదే సరిపోతుంది. మూడో అంచె కోసం పెట్టే డబ్బును మంచి యూపీఎస్ మీద పెట్టడం మేలు.

రిడండెన్సీని డిస్ట్రిబ్యూషన్ అంచె దగ్గరే మొదలుపెట్టడానికి కారణం సులువుగా తెలుస్తుంది. యాక్సెస్ స్విచ్ పోతే దాని పోర్టుల మేరకు, అంటే మహా అయితే 48 మందికి పని ఆగుతుంది. పైగా మామూలు కంప్యూటర్‌కు నెట్‌వర్కు పోర్టు ఒక్కటే ఉంటుంది కాబట్టి అక్కడ జత ఏర్పాటుకు అవకాశమూ తక్కువ. డిస్ట్రిబ్యూషన్ స్విచ్ పోతే వందల మందికి ఆగుతుంది. అందుకే ప్రతి యాక్సెస్ స్విచ్ నుంచి రెండు ఫైబర్లు లాగి, వాటిని రెండు వేర్వేరు డిస్ట్రిబ్యూషన్ స్విచ్‌లకు కలుపుతారు.

వలయాల చిక్కు

ఇలా రెండు దారులు వేయగానే ఒక ప్రమాదం పుడుతుంది. యాక్సెస్ స్విచ్, రెండు డిస్ట్రిబ్యూషన్ స్విచ్‌లు కలిసి త్రిభుజంగా, అంటే వలయంగా మారతాయి. ఈథర్‌నెట్ ఫ్రేము మీద ఐపీ ప్యాకెట్ మీద ఉన్నట్టు ఆయుష్షు గుర్తు ఉండదు. అందరికీ అని పంపిన బ్రాడ్‌కాస్ట్ ఫ్రేము వలయంలో పడితే ఎవరూ ఆపకుండా తిరుగుతూ, ప్రతి మలుపులోనూ నకళ్లు పెంచుకుంటూ, కొద్ది సెకన్లలోనే నెట్‌వర్కు మొత్తాన్ని ముంచేస్తుంది. దీనికి బ్రాడ్‌కాస్ట్ స్టార్మ్ అని పేరు.

1985లో డీఈసీ సంస్థలో పనిచేస్తున్న రేడియా పెర్ల్‌మన్ దీనికి పరిష్కారంగా స్పానింగ్ ట్రీ ప్రోటోకాల్‌ను రూపొందించారు. స్విచ్‌లు తమలో ఒకదాన్ని రూట్‌గా ఎన్నుకుని, దాని వైపు వెళ్లే ఉత్తమ దారిని మాత్రమే తెరిచి ఉంచి, వలయాన్ని పూర్తిచేసే దారులను మూసి ఉంచుతాయి. తెరిచిన దారి తెగితే మూసినది తెరుచుకుంటుంది. 1990లో ఇది ఐట్రిపుల్ఈ ప్రమాణమైంది. తొలి రూపంలో దారి మారడానికి 30 నుంచి 50 సెకన్లు పట్టేది. కాలపరిమితి ఉన్న ఆన్‌లైన్ పరీక్ష నడుస్తున్న హాల్లో 50 సెకన్ల అంతరాయమంటే చాలా కంప్యూటర్లలో సెషన్ తెగి, విద్యార్థులు మళ్లీ లాగిన్ కావలసి వస్తుంది. 2001లో వచ్చిన ర్యాపిడ్ స్పానింగ్ ట్రీ ఈ వ్యవధిని చాలా సందర్భాల్లో సెకను లోపుకు తగ్గించింది. కొత్తగా కట్టే నెట్‌వర్కులో పాత రూపాన్ని వాడడానికి సమర్థన లేదు.

రూట్ ఎన్నికను స్విచ్‌లకే వదిలేయడం మాత్రం తరచూ కనిపించే లోపం. తయారీదారు పంపే స్థితిలో అన్ని స్విచ్‌ల ప్రాధాన్య సంఖ్య 32,768గానే ఉంటుంది. సంఖ్యలు సమానమైనప్పుడు అతి చిన్న హార్డ్‌వేర్ చిరునామా ఉన్న స్విచ్ గెలుస్తుంది. ఒకే సంస్థ తయారు చేసిన స్విచ్‌లలో చిన్న చిరునామా సాధారణంగా పాతదానికి ఉంటుంది కాబట్టి, ఏదో ప్రయోగశాల మూలన ధూళి పట్టి ఉన్న పదేళ్ల నాటి స్విచ్ ప్రాంగణానికంతటికీ రూట్ అయి, కొత్త డిస్ట్రిబ్యూషన్ స్విచ్‌ల మధ్య వేసిన వేగవంతమైన ఫైబర్ మూతపడి ఉండవచ్చు. మొదటి డిస్ట్రిబ్యూషన్ స్విచ్‌కు 4,096, రెండోదానికి 8,192 అని చేత్తో నిర్ణయిస్తే ఈ చిక్కు ఉండదు. వాడుకదారుల పోర్టుల్లో ఎవరైనా స్పానింగ్ ట్రీ సందేశాలు పంపే స్విచ్ తగిలిస్తే ఆ పోర్టు మూసుకుపోయేలా బీపీడీయూ గార్డ్ అనే రక్షణ కూడా పెడతారు. హాస్టల్ గదులున్న ప్రాంగణాల్లో ఇది తప్పనిసరి.

రిడండెన్సీ కోసం వేసిన దారులే నెట్‌వర్కును పడగొట్టిన ఉదంతాల్లో అమెరికాలోని బోస్టన్ నగరంలో ఉన్న బెత్ ఇజ్రాయెల్ డీకొనెస్ ఆసుపత్రిది ప్రసిద్ధమైనది. ఏళ్ల తరబడి స్విచ్‌కు స్విచ్ తగిలించుకుంటూ పోయిన ఆ నెట్‌వర్కులో స్పానింగ్ ట్రీ సిఫారసు చేసిన ఏడు స్విచ్‌ల లోతు దాటిపోయింది. 2002 నవంబరులో ఒక పెద్ద డేటా ప్రవాహం తాకిడికి ఆ వృక్షం కూలి, ఆసుపత్రి కొన్ని రోజుల పాటు కాగితపు రికార్డులతో నడిచింది. పరికరాలకు కొరత లేకపోయినా, ఏ దారి ఎక్కడికి పోతుందో తెలిపే క్రమం అక్కడ కొరవడింది.

గేట్‌వే జత

దారి రెండు విధాలా ఉన్నంత మాత్రాన కంప్యూటర్‌కు ఆ సంగతి తెలియదు. దానికి తెలిసిన డిఫాల్ట్ గేట్‌వే, అంటే వేరే నెట్‌వర్కుకు పోయే ప్రతి ప్యాకెట్‌ను అప్పగించవలసిన చిరునామా, ఒక్కటే. ఆ చిరునామా ఒక స్విచ్‌కు మాత్రమే చెందితే, ఆ స్విచ్ పోగానే రెండోది పక్కన వెలుగుతూనే ఉన్నా ప్రయోజనం లేదు. అందుకే రెండు స్విచ్‌లకు ఉమ్మడిగా ఒక ఊహా చిరునామా ఇచ్చి, ఒకటి దాన్ని వహిస్తుండగా మరొకటి కనిపెట్టి ఉండేలా చేస్తారు. సిస్కో సంస్థ రూపొందించిన హెచ్‌ఎస్‌ఆర్‌పీ, 1998లో అన్ని సంస్థల పరికరాలకూ వర్తించే ప్రమాణంగా వచ్చిన వీఆర్‌ఆర్‌పీ ఇందుకు వాడే పద్ధతులు. వీఆర్‌ఆర్‌పీలో ముఖ్య స్విచ్ సెకనుకొకసారి తాను ఉన్నానని ప్రకటిస్తుంది; మూడు సెకన్లకు కాస్త పైగా ఆ మాట వినబడకపోతే రెండోది బాధ్యత తీసుకుంటుంది. హెచ్‌ఎస్‌ఆర్‌పీలో మామూలు అమరికల ప్రకారం ఈ నిరీక్షణ 10 సెకన్లు.

స్పానింగ్ ట్రీ రూట్‌ను, గేట్‌వే ముఖ్య పాత్రను ఒకే స్విచ్‌కు ఇవ్వాలి. లేకపోతే ప్రతి ప్యాకెట్ ఒక స్విచ్‌కు వెళ్లి, రెండో స్విచ్ మీదుగా చుట్టు తిరిగి బయటపడుతుంది. ఇంకొకటి, ఉత్తరాంధ్ర పరిస్థితుల్లో చాలా అవసరమైనది: కరెంటు వచ్చి పోతూ ఉన్నప్పుడు మళ్లీ లేచిన ముఖ్య స్విచ్ వెంటనే పాత్రను లాక్కుంటే, దాని పై దారులు ఇంకా సిద్ధం కాకముందే ప్యాకెట్లు దానికి చేరి నష్టపోతాయి, మరుక్షణం కరెంటు పోతే మళ్లీ మార్పిడి మొదలవుతుంది. తిరిగి పాత్ర తీసుకోవడానికి ముందు కొన్ని నిమిషాలు ఆగేలా అమర్చడం వల్ల ఈ ఊగిసలాట తప్పుతుంది.

రెండు స్విచ్‌లను ఒకటిగా చూపడం

మూసి ఉంచిన దారి అంటే డబ్బు పెట్టి వాడుకోని దారి అన్న అసంతృప్తి నుంచి మరో మార్గం వచ్చింది. రెండు స్విచ్‌లు కింది స్విచ్‌కు ఒక్కటిగా కనిపించి, రెండు ఫైబర్లు ఒకే కట్టగా పనిచేస్తే వలయమే ఏర్పడదు, రెండింటి సామర్థ్యమూ వాడకంలో ఉంటుంది. అనేక తీగలను ఒకటిగా కట్టే లింక్ అగ్రిగేషన్ పద్ధతి 2000లో ప్రమాణమైంది. దాన్ని రెండు స్విచ్‌ల మీదికి విస్తరించడం రెండు తీరులుగా జరుగుతోంది. స్టాక్ పద్ధతిలో రెండు పెట్టెలకు మెదడు ఒక్కటే. మల్టీ ఛాసిస్ పద్ధతిలో, అంటే ఎంలాగ్‌లో, దేని మెదడు దానిదే, కట్ట మాత్రం ఉమ్మడి.

స్టాక్‌ను నిర్వహించడం తేలిక, ధర కూడా తక్కువ. అయితే సాఫ్ట్‌వేర్‌లో లోపముంటే రెండు పెట్టెలూ కలిసే పడిపోతాయి, సాఫ్ట్‌వేర్ మార్చినప్పుడు సాధారణంగా రెండూ కలిసే మళ్లీ మొదలవుతాయి. పైగా స్టాక్ కేబుళ్లు పొట్టివి కావడంతో రెండు పెట్టెలూ ఒకే ర్యాకులో, ఒకే గదిలో ఇరుక్కుంటాయి. ఈ చివరి పరిమితి కారణంగానే తుపాను ప్రాంతంలో ముఖ్యమైన ప్రాంగణాలకు ఎంలాగ్ గానీ, యాక్సెస్ స్విచ్ దాకా రూటింగ్ నడిపి ఓఎస్‌పీఎఫ్ అనే రూటింగ్ ప్రోటోకాల్ ద్వారా రెండు సమాన దారులు ఇచ్చే పద్ధతి గానీ మెరుగు. రెండు మెదళ్లున్న చోట వాటి మధ్య దారి తెగితే తానే ముఖ్యమని రెండూ అనుకునే ప్రమాదం ఉంటుంది. దాన్ని కనిపెట్టడానికి వేరే మార్గంలో మరో సన్నని తీగ వేసి ఉంచడం మరవకూడదు.

లభ్యత లెక్క

ఒక పరికరం ఎంత శాతం కాలం పనిలో ఉంటుందో లభ్యత అంటారు. చెడిపోవడానికి పట్టే సగటు కాలాన్ని, ఆ కాలానికి బాగుచేయడానికి పట్టే కాలాన్ని కలిపిన మొత్తంతో భాగిస్తే అది వస్తుంది. సగటున 50,000 గంటలకొకసారి చెడిపోయే స్విచ్‌ను 5 గంటల్లో మార్చగలిగితే లభ్యత 99.99 శాతం, అదే స్విచ్‌కు బదులు రావడానికి 50 గంటలు పడితే 99.9 శాతం, అంటే ఏడాదికి సగటున 8.76 గంటల నష్టం. విడిభాగాలు, నిపుణులు విశాఖపట్నం నుంచి రావలసిన ప్రాంతంలో ఈ రెండో సంఖ్యే వాస్తవానికి దగ్గర. ఇచ్ఛాపురం అక్కడికి రెండు వందల కిలోమీటర్లకు పైగా దూరం.

99.9 శాతం స్విచ్‌లు రెండు జతగా ఉండి, ఒకదాని వైఫల్యానికి మరొకదానితో సంబంధం లేకపోతే, రెండూ ఒకేసారి లేకుండా పోయే కాలం ఏడాదికి 32 సెకన్లకు మించదు. అమ్మకందారుల పత్రాల్లో కనిపించే ఆకర్షణీయమైన అంకె ఇదే. కానీ అయిదేళ్లకొకసారి ఒక తుపాను రెండింటినీ కలిపి 48 గంటలు ఆపిందనుకుంటే, ఏడాదికి సగటున 9.6 గంటలు దానికే పోతాయి. ఆ 32 సెకన్లు ఎక్కడా కనిపించవు.

ఉమ్మడి వైఫల్యాలు

ఫైలిన్ తుపాను 2013 అక్టోబరు 12న గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటి ఇచ్ఛాపురం పరిసరాలను దెబ్బతీసింది. సరిగ్గా ఏడాదికి, 2014 అక్టోబరు 12న, హుద్‌హుద్ విశాఖపట్నాన్ని తాకి విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో విద్యుత్తును, టెలిఫోన్లను స్తంభింపజేసింది. 2018 అక్టోబరు 11 వేకువన తిత్లీ గంటకు 140–150 కిలోమీటర్ల గాలులతో పలాస సమీపంలో తీరం దాటి ఉద్దానంలోని కొబ్బరి, జీడి తోటలను కూల్చింది. తిత్లీ తర్వాత వేల సంఖ్యలో కరెంటు స్తంభాలు నేలకొరగగా, అనేక గ్రామాలకు రోజుల తరబడి విద్యుత్తు లేదు. ఇలాంటి సందర్భంలో అరగంట నిలిచే యూపీఎస్‌కు అర్థం లేదు.

ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ పథకం ఈ ఉమ్మడితనాన్ని ఒక ప్రత్యేక రూపంలో చూపుతుంది. 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ లాంఛనంగా ప్రారంభించిన ఈ వ్యవస్థలో ఫైబర్‌ను భూమిలో పాతకుండా, ప్రధానంగా విద్యుత్ స్తంభాల మీదుగా 23 వేల కిలోమీటర్లకు పైగా లాగారు. తవ్వకం ఖర్చు, అనుమతుల జాప్యం తప్పి పని వేగంగా సాగడానికి అది తెలివైన నిర్ణయమే. అయితే ఒక స్తంభం పడితే కరెంటు, ఫైబర్ రెండూ ఒక్కసారే పోతాయి. కాబట్టి ఆ ఫైబర్‌ను మొదటి దారిగా తీసుకున్న సంస్థ రెండో దారిని భూగర్భ ఫైబర్ మీదనో, రేడియో లింకు మీదనో తీసుకోవాలి తప్ప, అదే స్తంభాల వరుస మీద నడిచే మరో సంస్థ కేబుల్‌ను తీసుకుంటే బిల్లులు మాత్రమే రెండవుతాయి.

విశాఖపట్నం నుంచి శ్రీకాకుళానికి వచ్చే దారుల్లో నిజమైన వేర్పాటు ఉంది. జాతీయ రహదారి 16 భోగాపురం, రణస్థలం, ఎచ్చెర్లల మీదుగా తీరానికి దగ్గరగా వస్తే, రైలు మార్గం కొత్తవలస, విజయనగరం, చీపురుపల్లి, పొందూరుల మీదుగా లోపలి వైపు నుంచి ఆమదాలవలసకు చేరుతుంది. నాగావళిని రెండు మార్గాలూ దాటవలసిందే అయినా వేర్వేరు వంతెనల మీద దాటుతాయి. రహదారి పక్కన పాతిన ఫైబర్‌ను ఒకటి, పట్టాల వెంట నడిచే ఫైబర్‌ను మరొకటిగా తీసుకోవడం అందువల్ల అర్థవంతం. పలాస నుంచి ఇచ్ఛాపురం దాకా రోడ్డూ పట్టాలూ దగ్గరదగ్గరగా సాగుతాయి గనుక, అక్కడ అదే సూత్రం అంత రక్షణ ఇవ్వదు.

ప్రాంగణం లోపల కూడా ఇదే విచారణ చిన్న కొలతలో జరగాలి. రెండు డిస్ట్రిబ్యూషన్ స్విచ్‌లను రెండు భవనాల్లో, కుదరకపోతే కనీసం ఒకే భవనపు రెండు గదుల్లో, నేల అంతస్తు ముంపుకు అందని ఎత్తులో పెట్టాలి. యాక్సెస్ స్విచ్ నుంచి బయలుదేరే రెండు ఫైబర్లు భవనానికి రెండు వైపుల నుంచి, వేర్వేరు కందకాల్లో పోవాలి. ఒకే కందకంలో ఉంటే మంచినీటి పైపు కోసం వచ్చిన జేసీబీ ఒక్క వేటుతో రెండింటినీ తెంపుతుంది. భవనాల మధ్య రాగి కేబుల్ అసలు వాడకూడదు. ఆంధ్రప్రదేశ్‌లో 2018 ఏప్రిల్ 24న 13 గంటల్లోనే 36 వేలకు పైగా పిడుగుపాట్లు నమోదయ్యాయి. పిడుగు దగ్గర్లో పడినా రాగి కేబుల్ ద్వారా వచ్చే ఉప్పెన విద్యుత్తు జతలోని రెండు స్విచ్‌లనూ కాల్చగలదు. ఫైబర్‌లో కూడా ఇనుప కవచమున్న రకమైతే ఆ కవచాన్ని భవనంలోకి వచ్చేచోట ఎర్త్ చేయాలి.

విద్యుత్తు విషయంలో పొరపాట్లు ఇంకా మామూలు. ఒక్కో స్విచ్‌కు రెండు పవర్ సప్లైలు కొని, నాలుగు ప్లగ్గులనూ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు, ఆ బోర్డును ఒకే యూపీఎస్‌కు గుచ్చిన ర్యాకులు అరుదు కావు. ఒక పవర్ సప్లైని ఒక యూపీఎస్‌కు, రెండోదాన్ని మరో ఫేజు నుంచి వచ్చే మరో యూపీఎస్‌కు ఇవ్వాలి. గదిలోని ఏసీకి జనరేటర్ నుంచి సరఫరా లేకపోతే, స్విచ్ నడుస్తూనే ఉన్నా మూసిన గది కొద్ది గంటల్లో వేడెక్కి అది తనంతట తానే ఆగిపోతుంది; ఆ వేడి బ్యాటరీలను ముందే తినేసి ఉంటుంది కూడా, ఎందుకంటే లెడ్ యాసిడ్ బ్యాటరీ ఆయుష్షు 25 డిగ్రీల పైన ప్రతి పది డిగ్రీలకూ ఇంచుమించు సగమవుతుంది.

రోజుల తరబడి కరెంటు లేని పరిస్థితిలో జత ఏర్పాటే భారమవుతుందన్నది రూపకల్పన పుస్తకాల్లో అంతగా కనిపించని విషయం. ఒక్కో స్విచ్ 150 వాట్లు తీసుకుంటూ, బ్యాటరీల్లో 3 యూనిట్ల విద్యుత్తు వాడుకోదగినంతగా ఉంటే, రెండూ నడిస్తే 10 గంటలు, ఒకటే నడిస్తే 20 గంటలు. తుపాను తీరం దాటాక, గాలి తగ్గాక, జనరేటర్ డీజిల్ ఎంత ఉందో చూసి, జతలో ఒకదాన్ని కావాలని ఆపేయడం, అత్యవసరం కాని అంతస్తుల యాక్సెస్ స్విచ్‌లను కట్టేయడం ముందే రాసిపెట్టుకున్న పద్ధతిలో భాగం కావాలి. ఏ స్విచ్‌ను ఆపినా మిగిలినది ఆసుపత్రి వార్డులకు, కంట్రోల్ రూముకు దారి ఇవ్వగలదా అన్నది నక్షా గీసేటప్పుడే తేల్చుకోవలసిన ప్రశ్న.

పరీక్ష, విడి స్విచ్

జత వ్యవస్థలో మొదటి వైఫల్యం ఎవరికీ తెలియకుండా జరిగిపోతుంది. సేవ ఆగదు కాబట్టి ఫిర్యాదు రాదు. రెండో స్విచ్ పోయినప్పుడు మొదటిది ఆరు నెలల కిందటే పోయిందని బయటపడుతుంది. ఎస్‌ఎన్‌ఎంపీ వంటి పర్యవేక్షణ పద్ధతితో ప్రతి పవర్ సప్లై, ప్రతి ఫైబర్ దారి స్థితిని విడిగా చూస్తూ, తేడా వస్తే ఫోనుకు సందేశం వచ్చేలా పెట్టడానికి పెద్ద ఖర్చు కాదు. దానితో పాటు ఏడాదికొకసారైనా ముఖ్య స్విచ్ తీగను నిజంగా పీకి చూడాలి. ఫైలిన్, హుద్‌హుద్, తిత్లీ మూడూ అక్టోబరు 11, 12 తేదీల్లోనే రాగా, 2021లో గులాబ్ సెప్టెంబరు 26నే కళింగపట్నం ఉత్తరాన తీరం దాటింది. కాబట్టి ఆ పరీక్షకు తగిన నెల ఆగస్టు. బ్యాటరీలను కూడా అప్పుడే పూర్తి లోడు మీద ఖాళీ చేసి చూస్తే, పెట్టె మీద రాసిన గంటలు ఎన్ని నిజమో తెలుస్తాయి, మార్చవలసినవి మార్చడానికి వ్యవధి మిగులుతుంది.

మండల కార్యాలయం, చిన్న ఆసుపత్రి, ఇరవై ముప్పై కంప్యూటర్ల కళాశాల వంటి చోట్ల ఈ ఏర్పాటంతా అనవసరం. అక్కడ నడుస్తున్న స్విచ్‌కు అదే రకం విడి స్విచ్ ఒకటి అలమారలో ఉంచి, దానిలో అమరికలను ముందే ఎక్కించి, ఏ కేబుల్ ఏ పోర్టులోకి పోవాలో రంగు చీటీలతో గుర్తుపెడితే, నెట్‌వర్కు చదువు లేని ఉద్యోగి కూడా ఫోనులో సూచనలు వింటూ అరగంటలో మార్చగలడు. పైన చెప్పిన లెక్కలో 50 గంటల కాలం అరగంటకు తగ్గడమంటే లభ్యత 99.9 నుంచి 99.999 శాతానికి చేరడం. అమరికల్లో మార్పు చేసిన ప్రతిసారీ విడి స్విచ్‌లోనూ అదే మార్పు చేస్తేనే ఈ ఫలితం దక్కుతుంది.